అవధానియందలి ‘నేను’ – అణుమనోవాదము, మస్తిష్కశాస్త్రము

అవధానమనగా మనస్సును ఒకచోట నిలుపుట. సంస్కృతమున ఈ శబ్దమునకు గల అర్థ మిదియే. కాని తెలుగుదేశమున అవధానమన్నచో ఎనిమిదిచోట్ల మనస్సును నిలుపుట యని లోకమున రూఢియైనది. ఒకే శబ్దము ఏకాగ్రతను, దానికి విరుద్ధమని తోచు అనేకాగ్రతను కూడ చెప్పుచుండుట వింత. ఈ వింతవెనుక మన తర్కశాస్త్రమంత ప్రాచీనమైన ప్రశ్న యొకటి కలదు. ఎనిమిదిమంది పృచ్ఛకులకు బదులు చెప్పుచున్నవాడు ఒక్కడేనా? ఒక్కడే యైనచో వాడు శరీరమున నెచ్చట నున్నాడు? మొదటిప్రశ్నను నైయాయికులును మీమాంసకులును శతాబ్దములపాటు చర్చించిరి. రెండవదానిని వైద్యులు చర్చించిరి. గడచిన నూటయేబదియేండ్లుగా మస్తిష్కశాస్త్రజ్ఞులు ఈ రెండింటిని ఒకే ప్రశ్నగా జేసి పరిశోధించుచున్నారు. ఆ పరిశోధనఫలములు మన అవధానవిద్యకు ఎంతవరకు అన్వయించునో, మన పూర్వులు చెప్పినదానిని ఎచ్చట బలపరచి ఎచ్చట కదలించినవో పరిశీలించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఈ పరిశీలనకు నన్ను పురికొల్పిన సంగతి గ్రంథములలోనిది కాదు. మా పెదనాయనగారు యౌవనమున కృష్ణాజిల్లా గ్రామములలో కొన్ని అష్టావధానములు చేసినవారు. పేరుపొందినవారు కారు. ఉద్యోగవిరమణానంతరము హైదరాబాదున అశోక్‌నగరులో నివసించుచు, ఉదయము నగరకేంద్రగ్రంథాలయమునకు, సాయంకాలము చిక్కడపల్లి త్యాగరాయగానసభకు నడచిపోవుట నిత్యకృత్యముగా నుండిరి. ఆయనకు పక్షవాతము సోకి కుడిచేయి, మాట రెండును పడిపోయెను. తన పేరడిగిన చెప్పలేరు. ఎదుటనున్న మంచినీళ్ల చెంబును చూపి యడిగిన దాని పేరు రాదు. ఒకనాడు నేను ఊరకయే ఆయన పాతపద్యమొకదానికి మొదటిమాట అందించితిని. ఆయన నాలుగుపాదములును తడబడక చదివిరి. యతిస్థానము వచ్చినప్పుడెల్ల ఎడమచేతితో మంచముపట్టెపై మెల్లగా తట్టిరి. పద్యము ముగిసినపిదప మరల మౌనమే. “ఇది మీరు చెప్పినదే గదా, పెదనాయనా?” యని యడిగితిని. ఆయన ఎడమచేతిని తెచ్చి రొమ్ముపై నుంచుకొనిరి. ప్రక్కనున్న మా పెద్దమ్మ నన్ను వరండాలోనికి పిలిచి, “ఏరా, ఆయన లోపల ఉన్నారంటావా?” అని యడిగెను. తెలుగు బోధించుటకు జీతము పుచ్చుకొనువాడను, సమాధానము చెప్పలేకపోతిని.

అష్టావధానప్రక్రియ విజ్ఞులకు తెలిసినదే యైనను ఇచ్చట కొంచెము చెప్పక తప్పదు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి, వ్యస్తాక్షరి, ఆశువు, ఘంటానాదము, అప్రస్తుతప్రసంగము మొదలైనవి అంశములు. సభనుబట్టి వీనిలో కొన్ని మారుచుండును. చదరంగమో పుష్పగణనమో పురాణపఠనమో చేరును. సమస్య, వర్ణన, దత్తపదుల పద్యములు ఒకమారుగా పూర్తికావు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్క పృచ్ఛకునికి ఒక్కొక్కపాదము చెప్పి, అందరిని చుట్టి వచ్చి, రెండవ ఆవృత్తిలో రెండవపాదము నందుకొనవలెను. నడుమ గంట మ్రోగును. ఎన్నిమార్లు మ్రోగెనో చెప్పవలెను. అప్రస్తుతప్రసంగి ఆవకాయగూర్చియో అత్తగారిగూర్చియో అడిగిన కొంటెప్రశ్నకు నవ్వు పుట్టునట్లు బదులీయవలెను. వ్యస్తాక్షరిలో ఇరువదియో ముప్పదియో అక్షరములుగల వాక్యమునుండి పదునేడవ అక్షరమిది, మూడవదిది యని చీటీలు వచ్చుచుండును. నాలుగు ఆవృత్తులు ముగిసిన పిమ్మట ధారణ. తాను చెప్పిన పద్యములన్నింటిని వరుసగా మరల చదువవలెను. 19వ శతాబ్దమున మాడభూషి వేంకటాచార్యులవంటివారు నడపిన ఈ విద్యను తిరుపతి వేంకటకవులు ఊరూర చాటిరి. పిదపటి చరిత్రమును రాపాక ఏకాంబరాచార్యులుగారు అవధానవిద్యాసర్వస్వమున సమకూర్చియుండగా దానిని ఇచ్చట తిరిగి చెప్పనక్కరలేదు.

ఇక శాస్త్రమునకు వత్తము. న్యాయదర్శనమున మనస్సు అణువు. ఒక్కొక్క ఆత్మకు ఒక్కొక్క మనస్సు. అది ఒక క్షణమున ఒక యింద్రియముతోనే కూడును గాన రెండు జ్ఞానములు ఒకేసారి పుట్టవు. ఇట్లు పుట్టకపోవుటయే మనస్సు కలదనుటకు ఆ దర్శనము చూపు గుర్తు. 17వ శతాబ్దమున తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని పండితులు చెప్పుదురు. నేటికిని తర్కమున ఓనమాలు దిద్దువారు చేతబట్టునది ఆయన పుస్తకమునే. అందును మనస్సు అణువనియే సిద్ధాంతము. దీనిపై పూర్వపక్షి చూపు దృష్టాంతము మనకు మిక్కిలి పరిచితమైనది. పొడవైన శష్కులిని, అనగా మన జంతికనో చక్కిలమునో, కొరికి తినువానికి దాని రంగు, వాసన, రుచి, కరకరమను చప్పుడు, తాకిడి అన్నియు ఒకేసారి తెలియుచున్నవి గదా యని యాక్షేపము. నైయాయికుడు బదులు చెప్పును: ఒకేసారి తెలియుట లేదు. నూరు తామరరేకులను దొంతిగా పేర్చి సూదితో గ్రుచ్చినచో అన్నియు ఒక్కమారే తెగినట్లు తోచును గాని ఒకటి తెగినపిదపనే మరియొకటి తెగును. వేగము మన కన్నుగప్పుచున్నది. భాట్టమీమాంసకు లిందుల కొడబడక మనస్సు విభువనిరి. అద్వైతులు దానికి మధ్యమపరిమాణము చెప్పిరి. ఈ పక్షములలో ఏది నిజమో తేల్చుటకు ఆ కాలమున కొలమానము లేకుండెను. వాదమున ఎవరు తూగిరో వారిదే జయము.

కొలమానము 20వ శతాబ్దమున వచ్చెను. ఒక గుర్తు కనబడగానే ఒకచేతి మీటను, వేరొక గుర్తు కనబడగానే రెండవచేతి మీటను నొక్కుమని మనుష్యునికి చెప్పి, రెండు గుర్తులను నడుమ వ్యవధి తగ్గించుచు చూపిరి. గుర్తులు దగ్గరపడినకొలది రెండవదానికి బదులిచ్చుట ఆలస్యమగుచుండెను. టెల్‌ఫర్డు 1931లో గమనించిన ఈ సంగతికి వెల్‌ఫర్డు 1952లో ఒక సిద్ధాంతము కట్టెను: నిర్ణయము చేయు మార్గము ఇరుకైనది, ఒకటి దాటువరకు రెండవది వాకిట నిలిచియుండవలెను. తరువాత పాష్లరు మొదలైనవారు దీనిని విస్తరించిరి. అభ్యాసముచే ఈ ఆలస్యము చాలవరకు తగ్గునుగాని పూర్తిగా పోవునా లేదా యనునది నేటికిని వాదగ్రస్తమే. నైయాయికుని సూది తామరరేకులను ఒకదాని తరువాత నొకటిగా గ్రుచ్చుచున్నదని ఇందుచే కొంత తేలినట్లే. కాని పొంగిపోవుటకు వీలులేదు. చూచుట, వినుట మొదలైన పనులు మెదడునందు వేర్వేరుచోట్ల ఏకకాలమున జరుగుచునేయున్నవి. ఇరుకు నిర్ణయమునందే గాని గ్రహణమున నంతగా కానరాదు. జంతిక తినువాని విషయమున పూర్వపక్షికిని సగము గెలుపు ఈయవలసియున్నది.

అవధానసభ నీ దృష్టితో చూచినచో దాని కట్టుబాటులోని నేర్పు తెలియును. అవధాని ఎనిమిదిపనులను ఒకేసారి చేయుటలేదు. ఆవృత్తి యను నియమము పనులను వరుసలో నిలబెట్టుచున్నది. పాదమునకు పాదమునకు నడుమ దొరకు విరామమున ఒక పద్యమును అటకపై పెట్టి మరియొకదానిని దించుచున్నాడు. ఘంటానాదము ఈ వరుసను త్రెంచుకొని వచ్చునది. అయినను విన్న ధ్వని కొన్ని క్షణములు చెవిలో నిలిచియుండును గాన దానిని వెనుదిరిగి లెక్కపెట్టుటకు సందు కలదు. ఇది అవధానమును తక్కువచేయుట కాదు. అటకపై పెట్టినది చెదరక దిగుట ఎట్లన్నదే అసలు కష్టము.

మనుష్యుడు ఒక్కమారు విని పట్టుకొనగల వస్తువులు ఏడు, కొంచెము అటునిటు అని జార్జి మిల్లరు 1956లో వ్రాసిన వ్యాసము సుప్రసిద్ధము. ఆ సంఖ్యయును ఎక్కువయని 2001లో కొవాన్ నాలుగునకు దింపెను. మరి అవధాని పట్టుచున్నవి ఎన్ని? చంపకమాలకు పాదమునకు 21 అక్షరములు, పద్యమునకు 84. అట్టివి నాలుగైదు. దీనికి సమాధానము అమెరికాలో జరిగిన యొక ప్రయోగమున దొరకును. ఎరిక్సన్, చేజ్ మొదలైనవారు 1980లో ప్రకటించిన దానినిబట్టి, ఒక సామాన్యవిద్యార్థి ఒకటిన్నరయేడు అభ్యసించి సుమారు 80 అంకెలను విని వరుసగా అప్పగింపగలిగెను. అతడు పరుగుపందెముల యువకుడు. అంకెలను మూడేసి నాలుగేసిగా కట్టి, ఇది మైలు పరుగునకు పట్టిన కాలము, ఇది దూరపుపరుగు కాలము అని గుర్తు పెట్టుకొనుచుండెను. అంకెలకు బదులు అక్షరములను ఇచ్చినచో అతని శక్తి మరల సామాన్యుల స్థాయికి దిగిపోయెను. జ్ఞాపకశక్తి పెరిగినది కాదు. ముందే దీర్ఘస్మృతిలో నున్న కొంకులకు క్రొత్తసరుకు తగిలింపబడినది.

తెలుగుకవికి ఆ కొంకులు ఛందస్సు. ఉత్పలమాలకు పదవ అక్షరమున, చంపకమాలకు పదునొకండవ అక్షరమున, మత్తేభమునకు పదునాల్గవ అక్షరమున, శార్దూలమునకు పదుమూడవ అక్షరమున యతి. నాలుగుపాదములకు రెండవ అక్షరమున ఒకే ప్రాస. పాదము మొదటి అక్షరము తెలిసినచో యతిస్థానపు అక్షరము ఏ వర్గమునకు చెందునో తెలియును. మొదటిపాదపు ప్రాస తెలిసినచో తక్కిన మూడింటి ద్వారములకు తాళపుచెవి దొరకినట్లే. అవధాని 84 అక్షరములను మోయుటలేదు. ఒక ప్రాసను, నాలుగు యతులను, ఒక భావమును మోయుచున్నాడు. మన లాక్షణికులు యతిప్రాసలను శ్రవణసౌఖ్యమునకని చెప్పిరి. ధారణకు ఇవి చేయు ఉపకారమును లక్షణగ్రంథములు తగినంతగా చర్చింపలేదని నా తలంపు. వచనకవితలో అవధానము ఏల ప్రబలలేదని నన్నడుగు విద్యార్థులకు నేను చెప్పు బదులును ఇదియే.

అశోక్‌నగరు వీధులలో పోటీపరీక్షలకు చదువు యువకులు పంచవర్షప్రణాళికలను, రాజ్యాంగసవరణలను ప్రాసలుకట్టి వల్లెవేయుట వినని వారుండరు. గ్రంథాలయపు మెట్లపై కూర్చుండి తేదీలను సినిమాపాట వరుసకు పాడుకొనుచున్న బాలు నొకని చూచి మా పెదనాయనగారు, “ఛందస్సు చావలేదోయ్, ఉద్యోగంలో చేరింది” అనిరి. ఈ అభ్యాసములు మెదడు రూపును సైతము మార్చునని చెప్పుటకు ఒక ఆధారము కలదు. 2016లో హార్ట్‌జెల్ మొదలైనవారు 21 మంది శుక్లయజుర్వేదపండితుల మెదళ్లను, అంతమంది సామాన్యుల మెదళ్లను ఎం.ఆర్.ఐ. యంత్రముచే పోల్చి, భాషకు స్మృతికి సంబంధించిన కొన్నిభాగముల దళసరి పండితులయందు హెచ్చుగా నున్నదని ప్రకటించిరి. అధ్యయనమువలన అట్లు పెరిగినదా, అట్టివారే అధ్యయనమున నిలిచిరా యను సంశయము ఈ పద్ధతివలన తీరదు. అవధానులనుగూర్చి ఇట్టి పరీక్ష జరిగిన జాడ నాకు కానరాలేదు. జరిగినచో వారికంటె మనకే లాభము.

మా పెదనాయనగారు చేయి రొమ్ముపై నుంచుకొనిరని చెప్పితిని. ‘నేను’ అనుచు తలను తాకుకొనువారు లోకమున అరుదు. చరకసుశ్రుతులు చేతనాస్థానము హృదయమనిరి. అయితే ఆయుర్వేదమున మరియొక మాటయు కలదు. మనస్సు తలకును తాలువునకును నడుమ నున్నదని భేలసంహిత చెప్పుచున్నది. చిత్తమునకు మాత్రము హృదయమునే విడిచిపెట్టినది. ఇట్లు మనస్సును శిరస్సునకు చేర్చిన ఈ గ్రంథము తంజావూరి రాజగ్రంథాలయమునందలి ఒక్క ప్రతివలననే ప్రధానముగా లోకమునకు తెలియవచ్చినది. 17వ శతాబ్దమునాటి ఆ ప్రతి తెలుగులిపిలో నున్నది. కలకత్తా విశ్వవిద్యాలయమువారు దీనిని 1921లో ముద్రించిరి. నాయకరాజుల తంజావూరు మనకు యక్షగానములనే కాక, మెదడుశాస్త్రచరిత్రమున నొక పుటను కూడ దాచియిచ్చినదని మనము తలచుకొనము.

హృదయమా, శిరస్సా యను వివాదమును మన కాలమునకు దగ్గరగా తెచ్చినవారు కావ్యకంఠ గణపతిముని (1878–1936). బొబ్బిలిప్రాంతపువారు. 1900లో నవద్వీపమున పండితులయెదుట ఆశువుగా సమస్యలు పూరించి కావ్యకంఠబిరుదము నందినవారు. అనగా అవధానజాతికి చెందిన ప్రజ్ఞ ఆయనది. 1907లో అరుణాచలమున రమణమహర్షిని తపస్సనగా నేమని యడుగగా, నేనను తలపు పుట్టుచోటును గమనింపుమని మహర్షి బదులు చెప్పిరి. 1917నాటి సంభాషణలు ప్రధానముగాగల రమణగీతలో ఆ చోటు రొమ్మునకు కుడివైపుననున్న హృదయమని మహర్షి మతము. ఇది శరీరశాస్త్రజ్ఞుడు కోసి చూపవలసిన హృదయము కాదని మహర్షి భక్తులే చెప్పుదురు. అట్లయినచో ఇట శాస్త్రమునకు పోరు లేదు. అనుభవము తోచుచోటు వేరు. అనుభవమును పుట్టించుచోటు వేరు కావచ్చును. చేయి తెగినవానికి లేని వ్రేలిలో నొప్పి తోచును; ఆ తోపు మెదడునందలి హస్తచిత్రమువలన గల్గుచున్నది. తోచుచోటును పట్టుకొని పుట్టుచోటును నిర్ణయింపరాదు.

మాట విషయమున పుట్టుచోటు ముందే తెలిసినది. 1861లో పారిసునగరమున బ్రోకా యను శస్త్రవైద్యుడు ‘టాన్’ అను నొక్క శబ్దము తప్ప పలుకలేని లెబోర్న్ యను రోగి మరణించినపిదప మెదడును పరీక్షించి, ఎడమవైపు లలాటభాగమున క్రిందిపట్టు చెడియున్నదని చూపెను. కొలదికాలమునకు ఇంగ్లండున హ్యూలింగ్స్ జాక్సను వేరొక సంగతి గమనించెను. మాటపడిన రోగులు కొందరు శపథములు, ప్రార్థనలు, లెక్కవరుసలు తప్పులేక పలుకుదురు. తలచి పలుకు మాట వేరు, తనంత వచ్చు మాట వేరు అని ఆయన విభజించెను. మా పెదనాయనగారిని చూచిన వైద్యుడును ఇదియే చెప్పెను. “అది యంత్రంలాంటిదండీ. రికార్డు తిరుగుతుంది, అంతే” అనెను. అప్పటికి నాకు మారుమాట తోచలేదు.

నారాయణగూడ మీదుగా ఇంటికి వచ్చుచు, నివారకవైద్యసంస్థ గోడప్రక్కన ఒక సంగతి తలపునకు వచ్చెను. ఇది ప్రస్తుతమునకు కొంచెము దూరమైనను విడువజాలను. కుక్క కరచినచో నారాయణగూడకు పొమ్మనుట ఈ నగరమున చిరకాలపు వాడుక. బొడ్డుచుట్టు పొడిచిన ఆ సూదిమందు ఏమి? 1911లో కసౌలీలో సెంపుల్ యను వైద్యుడు రూపొందించిన పద్ధతిని గొర్రెమెదడునందు పెంచి కార్బాలిక్ ఆమ్లముచే చంపిన వ్యాధిబీజము. దాదాపు శతాబ్దముపాటు ఈ దేశమున ప్రాణములు నిలిపినది ఆ మందే. 2005 ప్రాంతమున దీనిని మానిరి. ఏలయన, అరుదుగా కొందరికి ఈ మందువలన పక్షవాతము కలుగుచుండెను. 1933లో రివర్సు మొదలైనవారు కోతులకు రోగములేని కుందేటిమెదడునే మరల మరల ఎక్కించి అట్టివ్యాధి పుట్టించి కారణమును తేటపరచిరి. పరాయిమెదడుపై తిరుగబడుట నేర్చిన శరీరరక్షకశక్తి, పోలికవలన భ్రమించి తన మెదడునే కొట్టినది. ‘తనది’, ‘పరాయిది’ అను మాటలను బర్నెట్ అను శాస్త్రజ్ఞుడు రోగనిరోధశాస్త్రమున సిద్ధాంతముగా నెలకొల్పి 1960లో నోబెల్ బహుమానము పంచుకొనెను. ‘నేను’ అను తలపు కలుగకమున్నే శరీరము నేను, నేను కానిది అను విభాగము చేయుచున్నది. ఆ విభాగము తప్పినచో తలచు ‘నేను’ కూలుచున్నది. రక్తమునందలి ప్రతిపదార్థములు మెదడుకణముల గ్రాహకములపై పడుటచే మనిషి ఉన్మత్తునివలె మారు వ్యాధి నొకదానిని 2007లో డాల్మౌ మొదలైనవారు వివరించిరి. వీరిలో పలువురు చికిత్సచే తేరుకొందురు. మన పల్లెలలో దయ్యము పట్టినదని వేపమండలతో కొట్టబడినవారిలో ఇట్టివా రెందరుండిరో.

ఆశుకవిత్వము చెప్పునపుడు ‘నేను’ ఏమగుచున్నదను ప్రశ్నకు దగ్గరగా వచ్చిన ప్రయోగము 2012లో జరిగినది. మన కవులపై కాదు. అమెరికాలో లయకు తగినట్లు అప్పటికప్పుడు మాటలు కూర్చి పాడు ‘ర్యాప్’ గాయకులు 12 మందిపై. కంఠస్థమైన పాటను పాడునపుడు, ఆశువుగా పాడునపుడు వారి మెదళ్లను పోల్చగా, ఆశువునందు లలాటభాగపు నడిమిపట్టున చలనము హెచ్చి, ప్రక్కపట్టున తగ్గెను. ఈ ప్రక్కపట్టు మన చేతలను కనిపెట్టుచు దిద్దుచునుండు కావలివానివంటి దని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పద్యము నేను చెప్పలేదు, సరస్వతి పలికించినదని మన అవధానులు అనుట వినయముమాత్రమే యనుకొనువారము. కావలివాడు ప్రక్కకు తొలగగా పుట్టిన మాట తనదిగా తోపకపోవుట సహజమే కదా. అయితే నిషిద్ధాక్షరిలో కావలివాడు తొలగినచో పని చెడును. ప్రతియక్షరమునకు అడ్డుపడు పృచ్ఛకు డెదుట నున్నాడు. ర్యాప్ గాయకునికి ఆశువుఅంశముతో పోలికయే గాని అష్టావధానమంతటితో పోలిక లేదు. పైగా మెదడున ఒకచోట చలనము కనబడినంతమాత్రమున అచట జరుగు తలపు ఇదియే యని వెనుకకు ఊహించుట తర్కమున దోషము. పొగనుచూచి నిప్పు నూహింపవచ్చును. వంట యేమో ఊహింపరాదు.

ఆత్మ యొక్కటి యనుటకు న్యాయదర్శనము చూపు ప్రధానహేతువు ప్రతిసంధానము. కంటితో చూచిన నేనే యిప్పుడు చేతితో తాకుచున్నానను జ్ఞానము. కన్ను చేతిని ఎరుగదు, చేయి కంటిని ఎరుగదు. రెండింటి నెరిగిన మూడవవా డొకడు వలయును. ఈ హేతువునకు 1960 తరువాత కఠినపరీక్ష కలిగినది. అపస్మారము తీవ్రమైన రోగులకు మెదడు రెండర్ధములను కలుపు నాడీబంధమును ఖండించిరి. స్పెరీ, గజానిగా యను వారు అట్టివారిని పరీక్షించిరి. స్పెరీకి 1981లో నోబెల్ బహుమానము వచ్చినది. ఒక రోగికి కుడియర్ధమునకు మాత్రము మంచుకప్పిన యిల్లును, ఎడమయర్ధమునకు మాత్రము కోడిపాదమును చూపిరి. తగిన బొమ్మను ఎన్నుకొమ్మనగా ఎడమచేయి పారను, కుడిచేయి కోడిని చూపెను. పార యెందులకని యడుగగా, మంచును చూడని, మాటనేర్చిన ఎడమయర్ధము సంకోచింపక “కోళ్లదొడ్డి బాగుచేయుటకు” అని చెప్పెను. ‘నేను చేసితిని’ అను మాట కొన్నివేళల జరిగినదానికి పిమ్మట కట్టిన వ్యాఖ్యానమని దీనినుండి తెలియుచున్నది. వ్యాఖ్యాతలమైన మనకు ఇది గ్రహించుట కష్టము కాదు. అయినను అట్టి రోగులు తాము ఇద్దరమైతిమని చెప్పరు. 2017లో పింటో మొదలైనవారు ఇద్దరు రోగులను పరీక్షించి, చూపు విభక్తమైనను చేతన అవిభక్తముగానే యున్నదని వాదించిరి. ఈ వివాదము తెగలేదు.

ఇచట నాకు తిరుపతి వేంకటకవులు స్ఫురింతురు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) రెండు మెదళ్లు, రెండు కంఠములు, ఒక్క కర్త. ఒకరు ఎత్తిన పద్యమును మరియొకరు ముగింపగలవారు. తిరుపతిశాస్త్రి గతించినపిదపను వేంకటశాస్త్రి తన రచనలను జంటపేరిటనే ప్రకటించెను. ఏ పాదము ఎవరిదని విమర్శకులు వెదకుచునే యున్నారు. ఆ కవులకు మాత్రము ఆ ప్రశ్న రుచింపలేదు. ఒక్క మెదడును కోసిన ఇద్దరగుదురా యని పాశ్చాత్యులు అడుగుచుండగా, ఇద్దరు చేరి ఒక్కరగుట మన సాహిత్యమున అంతకుముందే జరిగియున్నది. కర్తృత్వమను ‘నేను’ మెదడు సరిహద్దులకు లోబడినదికాదని, కొంతవరకు ఒడంబడికచే నిలుచునదని దీనివలన నాకు తోచును. అనుభవించు ‘నేను’ వేరు. వేంకటశాస్త్రికి తలనొప్పి వచ్చిన తిరుపతిశాస్త్రికి రాలేదు.

స్మృతియే ప్రతిసంధానమునకు మూలమైనచో స్మృతి పోయినవాని గతి ఏమి? 1953లో హెన్రీ మొలాయిసన్ అను యువకునికి అపస్మారనివారణకై రెండువైపుల హిప్పోకాంపస్ భాగమును తీసివేసిరి. అది మొదలు 2008లో మరణించువరకు క్రొత్తసంగతి దాదాపు ఏదియు ఆయనకు నిలువలేదు. బ్రెండా మిల్నరు అద్దమున చూచుచు నక్షత్రపుబొమ్మ గీయుట నేర్పగా, ఆయన చేయి దినదినము నేర్పరియైనది. తాను ఎన్నడో అది చేసితినను ఎరుక మాత్రము కలుగలేదు. సంస్కారము కలదు, స్మరణము లేదు. ఆయన యితరులతో మర్యాదగా మాటాడెను, హాస్యమాడెను, ‘నేను’ అనెను. నైయాయికుడు జ్ఞానము, ఇచ్ఛ, ప్రయత్నము, సంస్కారము మొదలైనవానినన్నింటిని ఒక్క ఆత్మకు గుణములుగా చెప్పెను. వీనిలో నొకటి పోయి మరియొకటి నిలుచుట మస్తిష్కశాస్త్రము మరల మరల చూపుచున్నది. దీనికి నైయాయికునికి సిద్ధమైన బదులు కలదు: చెడినది కరణము, కర్త కాదు, గొడ్డలి విరిగిన వడ్రంగి చావడు. ఈ బదులును ఏ రోగమును ఖండింపజాలదు. ఖండింపజాలకుండుటయే దాని బలమని మనవారు తలచిరి. పరీక్షకు లొంగకుండుట సిద్ధాంతమునకు దోషమని నేటివారు తలతురు. నేను రెండవపక్షమునకు మ్రొగ్గుదును. అయినను గొడ్డలి ఏ ముక్కలుగా విరిగినదో శాస్త్రము వివరింపగలుగుచున్నదిగాని, విరిగినది ‘నాది’ అని యొకనికి ఏల తోచుచున్నదో ఇంకను చెప్పలేకున్నది. ఈ లోపమును శాస్త్రజ్ఞులే యొప్పుకొందురు.

మా పెద్దమ్మ అడిగినదానికి ఈ గ్రంథములలో దేనియందును నేరుగా సమాధానము లేదు. ఆమె నాకొరకు వేచియుండలేదు. ఆయన పాతనోటుపుస్తకమును తీసి, ప్రతిదినము ఉదయము కాఫీయైన పిమ్మట మంచముచెంత కూర్చుండి, ఒక్కొక్క పద్యమునకు మొదటిమాట అందించుచుండెను. ఆమెకు ఛందస్సు రాదు. ఆయన వ్రాత గొలుసుకట్టు. నేను అక్కడనున్న ఒకనాడు ఆమె ఒక మాటను మరియొక మాటగా చదివెను. రికార్డువంటి దైనచో ఆయన ఆ మాటనుండియే సాగవలెను, లేదా ఊరకుండవలెను. ఆయన నుదురు చిట్లించిరి. తల అడ్డముగా నూపిరి. ఎడమచేతిని పుస్తకముపై నుంచి, ఆమె అందింపని సరియైన మాటను తానే పలికి, పద్యము నెత్తుకొనిరి. తరువాత నేను పుస్తకము చూచితిని. ఆమె చదివిన మాటకు ఆ పాదమున యతి చెల్లదు.